నల్లకోడి నలుపు ఏం చెబుతుంది, ఏం చెప్పదు: పరీక్ష, జాతి పోషణ, అపోహలు

నల్లకోడి అని చెప్పి ఇచ్చిన కోడిని చేతిలోకి తీసుకోగానే చేయాల్సిన మొదటి పని, రొమ్ము మీది ఈకలకు ఎదురుగా గట్టిగా ఊదడం. ఈకలు రెండు పాయలుగా విడిపోయి అడుగున చర్మం బయటపడుతుంది. అది పలక రంగులోనో బొగ్గు రంగులోనో ఉంటేనే ఇక్కడ చెప్పుకునే నల్లకోడి. తెల్లగానో పసుపుగానో ఉంటే అది నల్ల ఈకల కోడి, అంతే. ఆస్ట్రలార్ప్, మినోర్కా కోళ్ల ఈకలు నిగనిగలాడే నలుపు. చర్మం మాత్రం తెలుపే. సిల్కీ కోడి ఇందుకు పూర్తిగా తిరగేసిన బొమ్మ: దూదిలాంటి తెల్లటి ఈకల కింద నీలినలుపు చర్మం, నల్లటి పొర కప్పిన ఎముకలు. ఈకల రంగు ఒక లెక్క, ఒంటి రంగు మరో లెక్క. చాలా మోసాలు, చాలా నిరాశలు ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం దగ్గరే మొదలవుతాయి.

కాళ్లు కూడా తప్పుదారి పట్టిస్తాయి. ముదురు బూడిద రంగు కాళ్లున్న కోళ్లు ఎన్నో జాతుల్లో ఉంటాయి. అక్కడ రంగు పొలుసుల అడుగు పొరతోనే ఆగిపోతుంది. కోసి చూస్తే మాంసం, ఎముక మామూలుగానే ఉంటాయి. కాళ్లు నల్లగా ఉన్నాయి కాబట్టి ఒళ్లంతా నలుపే అనుకోవద్దు.

ఆ నలుపు ఎక్కడి నుంచి వస్తుంది

మామూలు కోడి పిండంలో రంగు కణాలు వెన్ను దగ్గర పుట్టి, చర్మం దిక్కుగా, ఈకల దిక్కుగా ప్రయాణిస్తాయి. లోపలికి వెళ్లవు. నల్లకోడి పిండంలో ఎండోథీలిన్ 3 అనే ప్రోటీన్ మామూలు కంటే ఎక్కువగా తయారవుతుంది. దాని ప్రభావంతో ఈ కణాలు విపరీతంగా పెరిగి, మామూలుగా తొక్కని దారి పట్టి లోపలి అవయవాల దాకా చేరతాయి. కారణం 20వ క్రోమోజోమ్‌లో ఉంది. అక్కడ లక్షకు పైగా డీఎన్‌ఏ అక్షరాల పొడవున్న రెండు ముక్కలు రెట్టింపయ్యాయి, వాటిలో ఒకటి తిరగబడి అతుక్కుంది. 2011లో దీన్ని విప్పి చూపించారు. ఈ మార్పును ఎఫ్‌ఎం అంటారు.

సిల్కీలో, ఇండోనేషియాలోని జావా దీవి కోడి అయాం సెమానీలో, స్వీడన్ స్వార్ట్ హోనాలో, మధ్యప్రదేశ్ ఝాబువా, అలీరాజ్‌పూర్, ధార్ ప్రాంతాల కడక్‌నాథ్‌లో ఉన్నది ఇదే మార్పు. అంటే నలుపు పుట్టింది ఒక్కసారే, తర్వాత మనుషుల వెంట దేశదేశాలకు నడిచింది. దీనివల్ల తేలే పనికొచ్చే సంగతి ఒకటుంది: ఎఫ్‌ఎం డీఎన్‌ఏ పరీక్ష ఆ కోడిలో నలుపు జన్యువు ఉందో లేదో చెబుతుంది. అది కడక్‌నాథా, సెమానీనా అన్నది చెప్పలేదు. ఆ కాగితం చూపించి ‘అసలు జాతి’ అనేవాళ్ల మాట నిలబడదు.

కణాలు చేరేది ముఖ్యంగా అవయవాలను కప్పే, పట్టి ఉంచే పొరల్లో. అందుకే నల్లకోడిని కోసినప్పుడు ఎముక మీది పొర కాటుక నలుపుగా ఉంటుంది. ఆ పొరను కత్తి అంచుతో గీకితే కింద గట్టి ఎముక మామూలు రంగుకు దగ్గరగా కనిపిస్తుంది. కండ పోగులు బూడిద రంగు, వాటిని చుట్టిన పలుచటి పొర నలుపు. శ్వాసనాళం, పేగులను పట్టి ఉంచే పొర, పుంజు వృషణాలు ముదురుగా ఉంటాయి. కార్జం మాత్రం చాలా కోళ్లలో గోధుమ ఎరుపుగానే ఉంటుంది. పొట్టలో కొవ్వు పసుపే, దాన్ని కప్పిన పొర నలుపు.

రక్తం? ఎరుపే. ఇందులో రెండో మాట లేదు. రక్తం రంగు హీమోగ్లోబిన్‌ది. చర్మానికి నలుపునిచ్చే రంగు పదార్థం మెలనిన్ రక్తకణాల్లో తయారు కాదు. ఎర్రటి రక్తం నల్లటి చర్మం మీద పడినప్పుడు నల్లగా కనిపిస్తుంది. తెల్లటి పళ్లెంలో ఒక చుక్క పడేలా చూస్తే సందేహం తీరిపోతుంది. ఇనుము ఎక్కువ కాబట్టి నలుపు అనే మాటా తప్పే. మెలనిన్‌ను ఒళ్లు టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి చేసుకుంటుంది, ఇనుము నుంచి కాదు.

గుడ్ల సంగతీ ఇంతే. కడక్‌నాథ్, సెమానీ గుడ్లు మీగడ రంగు నుంచి లేత గోధుమ రంగు వరకు ఉంటాయి. గుడ్డు పెంకు రంగు పెట్ట గర్భసంచిలో వేరే పదార్థాలతో పడుతుంది, మెలనిన్‌తో పనిలేదు. చైనాలోని డాంగ్‌షియాంగ్ నల్లకోడి పెట్టే నీలి గుడ్లకు కూడా కారణం వేరే జన్యువే. బొగ్గులాంటి నల్లగుడ్లంటూ తిరిగే ఫొటోల్లో రంగు వేసినవి కొన్ని, కయూగా అనే బాతు గుడ్లు కొన్ని. ఆ బాతు గుడ్ల మీది ముదురు రంగు పైపూత, తడిగుడ్డతో రుద్దితే చాలావరకు ఊడి వస్తుంది. నల్లకోడి గుడ్లు అంటూ ఎవరైనా నల్లటి గుడ్లు చూపిస్తే అక్కడితో బేరం ఆపేయండి.

చేతిలో పట్టుకుని చూడాల్సినవి

వెలుతురులో, నీడపట్టున చూడండి. బల్బు కింద ఊదా, నలుపు తేడా తెలియదు. తల నుంచి మొదలుపెట్టి కాళ్ల దాకా ఒకే వరసలో వెళితే ఏదీ తప్పిపోదు.

జుట్టు, తమ్మెలు చూడండి. గుడ్లు పెట్టే పెట్టలో, జోరు మీదున్న పుంజులో ఆ భాగాలకు రక్తం ఎక్కువగా పారుతుంది. నలుపు పొర కింద నుంచి ఎరుపు తోసుకొచ్చి నేరేడు పండు రంగు వస్తుంది. కడక్‌నాథ్‌లో ఇది సహజం, జాతి చెడినట్టు కాదు. సెమానీలో మాత్రం ఎరుపు కనిపిస్తే పెంపకందారులు లోపంగానే లెక్కిస్తారు. రెండు జాతులనూ ఒకే కొలతతో కొలిచి మంచి కడక్‌నాథ్ పుంజును ‘ఎర్రజుట్టు’ అని తీసేయడం బాగా జరిగే పొరపాటు.

తర్వాత ముక్కు రెండు వైపులా నొక్కి నోరు తెరవండి. అంగిలి, నాలుక చూడాలి. నాలుక మొదట్లో నలుపు తగ్గి గులాబీ మచ్చ కనిపించడం చాలా కోళ్లలో ఉంటుంది. అంగిలంతా గులాబీ అయితే నలుపు పలుచనైన కోడి, బహుశా సంకరం. రెక్క ఎత్తి చంక చర్మం చూడండి. మలద్వారం చుట్టూ చూడండి. చివరగా పాదం తిప్పి అరికాలు, గోళ్లు చూడండి. గోళ్లలో ఒకటి రెండు తెల్లగా ఉండటం చాలా మందల్లో కనిపించేదే.

రంగు పూశారన్న అనుమానం ఉంటే, దూదికి కొద్దిగా నూనె రాసి జుట్టు మీద, అరికాలి మీద అర నిమిషం రుద్దండి. మరో దూదిని గోరువెచ్చటి సబ్బు నీళ్లలో ముంచి మళ్లీ రుద్దండి. పుట్టుకతో వచ్చిన నలుపు రాలదు. దూదికి మట్టి అంటొచ్చు, కాటుకలా మరక పడితే మాత్రం వేసిన రంగే.

ఇక జాతి గుర్తులు. కడక్‌నాథ్‌లో మూడు ఈకల రకాలున్నాయి: జెట్ బ్లాక్, పెన్సిల్డ్, గోల్డెన్. మెడ మీద వెండి గీతలున్నవీ, బంగారు ఛాయ ఉన్నవీ అసలైన కడక్‌నాథ్‌లే. పూర్తి నలుపే అసలు అని పట్టుబట్టేవాళ్లు తెలియకుండా జాతిలోని వైవిధ్యాన్ని తగ్గించేస్తున్నారు. పెద్ద పుంజు సుమారు 1.8 నుంచి 2 కిలోలు, పెట్ట 1.2 నుంచి 1.5 కిలోలు తూగుతుంది. 20 వారాలకు కిలోకు అటూఇటూ ఉంటుంది. మొదటి గుడ్డుకు ఆరు నెలలు పడుతుంది. ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి భాషలో దీని పేరు కాలీ మాసీ, నల్ల మాంసపు కోడి అని.

సిల్కీకి ఒక్కో కాలికి ఐదు వేళ్లు, నెత్తిన కుచ్చు, కాళ్ల మీద ఈకలు ఉంటాయి. ఈకల పోగులను కలిపి పట్టే కొక్కేలు లేకపోవడం వల్ల అవి వెంట్రుకల్లా వేలాడతాయి. నాలుగు వేళ్లుంటే అది సంకరం కిందే లెక్క. సెమానీకి నాలుగు వేళ్లే, ఒంటిజుట్టు, ఈకలు అంటుకుని ఉంటాయి, ఎండలో ఆకుపచ్చ మెరుపు. దక్షిణ కొరియాలోని యోన్‌సాన్ ఓగ్యే కోడిని ఆ దేశం 1980లో సహజ వారసత్వ సంపదగా ప్రకటించింది. వియత్నాం ఉత్తర కొండల్లో హ్మాంగ్ ప్రజలు పెంచే నల్లకోడి మరొకటి. ఈ రెండూ తమ ప్రాంతాల బయట అరుదు, కాబట్టి ఆ పేర్లతో అమ్మేవాళ్లను తల్లిదండ్రుల వివరాలు గట్టిగా అడగండి.

ఒక్కరోజు పిల్లలను కొనేటప్పుడు నూగు చూసి నిర్ణయించొద్దు. కడక్‌నాథ్ పిల్లలు నీలినలుపుగా, వీపు మీద చారలతో ఉంటాయి. నల్ల ఈకల జాతుల పిల్లలకు పొట్ట కింద, రెక్క చివర తెల్లటి నూగు ఉండొచ్చు, ఈకలు మారేటప్పుడు పోతుంది. తెల్ల సిల్కీ పిల్ల నూగు లేత పసుపు. ముక్కు, కాళ్లు, బొడ్డు దగ్గరి చర్మం ముదురుగా ఉన్నాయా అన్నదే చూడాలి.

నలుపు జాతికి సాక్ష్యం ఎందుకు కాదు

ఇది అందరికంటే కొనేవాళ్లకు ముఖ్యం, కొంచెం ఓపికగా చదవండి. ఎఫ్‌ఎం ఒక్క మోతాదు ఉన్నా, అంటే తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చినా, నలుపు వస్తుంది. కానీ దానికి అడ్డుపడే మరో జన్యువు ఉంది, దాన్ని ఐడీ అంటారు. అది ఆడా మగా తేల్చే జెడ్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. చర్మం లోపల మెలనిన్ పరచుకోకుండా ఆపుతుంది. పుంజుకు జెడ్‌లు రెండు, పెట్టకు ఒకటే, అదీ తండ్రి నుంచి వచ్చినదే. తెల్ల చర్మం, పసుపు చర్మం ఉన్న చాలా జాతుల్లో ఈ అడ్డు ఉంది, నల్లకోళ్లలో లేదు. 1911లోనే బేట్సన్, పన్నెట్ అనే జన్యు శాస్త్రవేత్తలు సిల్కీని మామూలు కోళ్లతో కలిపి ఈ వింత వారసత్వాన్ని గమనించారు.

నల్ల పుంజును అడ్డు ఉన్న తెల్లచర్మపు పెట్టతో కలిపితే ఏమవుతుందో చూడండి. పెట్ట పిల్లలు తమ ఏకైక జెడ్‌ను నల్ల తండ్రి నుంచి తీసుకుంటాయి, అడ్డు ఉండదు, కాబట్టి బాగా నల్లగా పెరుగుతాయి. పుంజు పిల్లలకు తల్లి జెడ్‌తో అడ్డు చేరుతుంది, అక్కడక్కడ మరకలు తప్ప లేతగా ఉంటాయి. తిరగేసి, తెల్లచర్మపు పుంజును నల్ల పెట్టతో కలిపితే పిల్లలన్నీ లేతగానే వస్తాయి. పెంచేవాళ్లు నలుపు పోయిందనుకుని వాటిని అమ్మేస్తారు. నిజానికి ప్రతి పిల్లలోనూ ఎఫ్‌ఎం ఒక మోతాదు దాగి ఉంది.

మొదటి కలయికలో వచ్చిన నల్ల పెట్టలను మళ్లీ అసలు నల్ల పుంజుతో కలపండి. ఇప్పుడు పుట్టే పిల్లలన్నిటికీ కనీసం ఒక ఎఫ్‌ఎం ఉంటుంది, ఏ పిల్లకూ అడ్డు ఉండదు. పుంజులు, పెట్టలు అన్నీ నల్లగానే ఉంటాయి. రెండే తరాలు! వీటిలో నల్లజాతి రక్తం ముప్పాతిక, బయటి రక్తం పాతిక, అయినా కళ్లకు తేడా దొరకదు. బాగా కండపట్టే కోళ్లతో ఇలా కలిపి, త్వరగా పెరిగే ‘కడక్‌నాథ్’ అని అమ్మడానికి ఉన్న వీలు ఇదే.

పట్టుకునే దారి నలుపులో లేదు, పెరుగుదలలో ఉంది. తేదీ రాసుకుని వారం వారం తూకం వేయండి. ఎనిమిది వారాలకే కిలోన్నర తూగే నల్లపిల్ల కడక్‌నాథ్ కాదు. కొనేముందు తల్లిదండ్రుల మందను చూపించమనండి, తోబుట్టువులన్నీ చూడండి. ఏరి పెట్టిన నాలుగు నల్లపిల్లలు ఏమీ చెప్పవు, ఒకే పొదుగులో వచ్చిన ఇరవై పిల్లలు చాలా చెబుతాయి. మధ్యలో లేతవి ఉంటే తల్లిదండ్రుల్లో ఎఫ్‌ఎం ఒక్క మోతాదు ఉన్నవైనా ఉన్నట్టు, ఐడీ ఉన్న పుంజైనా ఉన్నట్టు.

మీ పుంజు ఎఫ్‌ఎం రెండు మోతాదులదా, ఒకటా తేల్చుకోవాలంటే పరీక్ష కలయిక చేయండి. తెల్లచర్మం ఉండి, బూడిద రంగు కాళ్లున్న పెట్టను ఎంచుకోవాలి. అలాంటి పెట్టలో ఐడీ అడ్డు ఉండదు, ఫలితం తికమక పడదు. పసుపు కాళ్ల పెట్టతో చేస్తే అడ్డు వల్ల లేతగా వచ్చిన పుంజు పిల్లలను చూసి మంచి పుంజును అనుమానిస్తారు. పెట్టను కనీసం మూడు వారాలు ఇతర పుంజులకు దూరంగా ఉంచాకే గుడ్లు సేకరించండి, పాత పుంజు వీర్యం పెట్ట ఒంట్లో రెండు వారాలు దాటి కూడా పనిచేస్తుంది. ఒక్క మోతాదు పుంజుకైతే సగం పిల్లలు లేతగా రావాలి. వరసగా ఏడు పిల్లలూ నల్లగా వస్తే, అది ఒక్క మోతాదు పుంజు అయ్యే అవకాశం 128లో 1. ఐదు పిల్లలతో ఆపితే 32లో 1, అది చాలదు. ఒక్క లేతపిల్ల వచ్చినా విషయం తేలిపోయినట్టే.

మంద కట్టడం

పుంజు ఒకటికి పెట్టలు ఎనిమిది నుంచి పది ఉంటే గుడ్లు బాగా నిలుస్తాయి, అంటే ఎక్కువ గుడ్లలో పిల్ల కడుతుంది. కానీ ఒకే పుంజుతో ఏళ్ల తరబడి నడిపే మంద లోపల్లోపల చిక్కిపోతుంది. లెక్క సులువు: పుంజుల సంఖ్యను పెట్టల సంఖ్యతో, మళ్లీ నాలుగుతో గుణించి, మొత్తం కోళ్ల సంఖ్యతో భాగించాలి. ఒక పుంజు, పది పెట్టలుంటే వచ్చేది 3.6. కళ్ల ముందు పదకొండు కోళ్లున్నా వంశం దృష్టిలో నాలుగు కూడా లేవన్నమాట. ఒక్క తరంలోనే రక్తసంబంధం సుమారు 14 శాతం పెరుగుతుంది. అవే పది పెట్టలకు మూడు పుంజులు పెడితే 9.2 వస్తుంది, పెరుగుదల 5.4 శాతానికి పడిపోతుంది. అరుదైన జాతికి మనం చేయగల పెద్ద మేలు అదనంగా రెండు పుంజులను పోషించడమే.

మూడు గదులు కట్టి, ఒక్కో గదిలో ఒక పుంజు, మూడు నాలుగు పెట్టలు ఉంచండి. ఏటా ఒకటో గది పుంజు పిల్లలు రెండో గదికి, రెండోవి మూడుకు, మూడోవి ఒకటికి మారాలి. పెట్ట పిల్లలు పుట్టిన గదిలోనే ఉంటాయి. కాలికి రంగు వలయం వేసి పుస్తకంలో రాస్తే చాలు.

నలుపు ఒక్కటే చూసి ఎంపిక చేస్తే గుడ్లు నిలవడం తగ్గుతుంది, కాళ్లు బలహీనపడతాయి. చిక్కని నలుపు ఉండి నలభై గుడ్లు పెట్టే పెట్ట కంటే, ఒక తెల్లగోరు ఉండి ఎనభై గుడ్లు పెట్టే పెట్ట జాతికి మేలు. ఏరివేత ఆరు నెలల వయసుకు ముందు చేయొద్దు, అప్పటికి గానీ జుట్టు, ముఖం రంగు స్థిరపడవు.

గుడ్డు నుంచి పిల్ల దాకా

నల్లకోళ్లకు ప్రత్యేకమైన పొదుగు పద్ధతి లేదు. 21 రోజులు. గాలి తిరిగే ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీలు, మొదటి 18 రోజులు తేమ 50 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70. గుడ్లను ఏడు రోజులకు మించి నిల్వ చేయొద్దు, సన్నటి కొన కింద ఉండేలా పెట్టండి. 18వ రోజున తిప్పడం ఆపేయాలి. తేమ తక్కువైతే పిల్ల పెంకు పగలగొట్టి లోపలి పొరకు అతుక్కుపోతుంది. మొదటి నుంచీ ఎక్కువైతే గుడ్డులోని గాలి గది చిన్నదై పిల్ల లోపలే మునిగిపోతుంది.

కడక్‌నాథ్ పెట్టలు పొదుగు మీద నిలకడగా కూర్చోవు. సిల్కీ అందుకు పూర్తిగా భిన్నం, ఏ గుడ్లు పెట్టినా పొదుగుతుంది. రెండు జాతులూ ఉన్నవాళ్లు సిల్కీ కింద కడక్‌నాథ్ గుడ్లు ఎనిమిది పెట్టుకోవచ్చు. మొదటి వారం పిల్లలకు 33 నుంచి 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. ఎనిమిది వారాల దాకా 20 శాతం ప్రోటీన్ ఉన్న దాణా, తర్వాత 16 శాతం. బ్రాయిలర్ దాణా పెట్టొద్దు. నెమ్మదిగా పెరిగే కోడికి అంత శక్తి దాణా వేస్తే అది కండగా కాక పొట్టలో కొవ్వుగా చేరుతుంది.

నల్ల చర్మం దాచిపెట్టే జబ్బులు

నల్లకోళ్లకు జబ్బులు రావనే మాట నమ్మి టీకాలు వేయని మందలు కొక్కెర తెగులు ఒక్కసారి వస్తే ఊడ్చుకుపోతాయి. చర్మం రంగు వైరస్‌ను ఆపదు. కొక్కెర తెగులు, గంబోరో, కోడి మశూచి టీకాలు మామూలు కోళ్లకు వేసినట్టే వేయించాలి. మారెక్స్ టీకా పిల్ల పొదిగిన రోజే పడాలి. ముఖ్యంగా సిల్కీలు ఆ జబ్బుకు తేలిగ్గా లొంగుతాయి.

అసలు చిక్కు వేరే ఉంది. కోళ్లు పెంచేవాళ్లు తెలియకుండానే జుట్టు రంగుతో ఆరోగ్యం అంచనా వేస్తారు. పాలిపోతే రక్తహీనత, నీలంగా మారితే ఊపిరి అందడం లేదు. నల్లకోడిలో ఈ రెండు గుర్తులూ కనిపించవు. జబ్బు ముదిరి కోడి ముడుచుకు కూర్చునే దాకా ఏమీ తెలియదు. అందుకే రంగు వదిలేసి చేతిని నమ్ముకోవాలి. వారానికోసారి రొమ్ము ఎముక తడమండి, అంచు కత్తిలా తగిలితే కోడి చిక్కింది. సాయంత్రం మేత తిన్నాక మేతసంచి నిండి, పొద్దున్నకు ఖాళీ కావాలి. కాకపోతే అడ్డం పడినట్టు. రెట్ట చూడండి. రాత్రి దీపం ఆర్పాక గూటి దగ్గర నిలబడి ఊపిరి చప్పుడు వినండి, గురగుర ఉంటే పగటికంటే అప్పుడే బాగా తెలుస్తుంది.

అరికాలి పుండు మామూలు కోడిలో నల్లటి చెక్కులా కనిపిస్తుంది. నల్ల పాదంలో ఆ చెక్కు కలిసిపోతుంది. బొటనవేలితో అరికాలిని నొక్కుతూ పోండి, వేడిగా, ఉబ్బుగా, గట్టిగా తగిలితే పుండు ఉంది. పేలు కూడా నల్ల చర్మం మీద కనిపించవు. కోడిని తెల్లటి గుడ్డ మీద నిలబెట్టి తోక మొదట్లో ఈకలు విదిలించండి, రాలినవి కదులుతాయి. రాత్రిపూట రక్తం తాగే ఎర్ర పేలు పగలు కర్రల సందుల్లో దాక్కుంటాయి. కూర్చునే కర్ర అడుగున తెల్ల కాగితంతో తుడిస్తే ఎర్రటి గీతలు పడతాయి.

చనిపోయిన కోడిని పశువైద్యుడికి చూపించేటప్పుడు ఇది నల్ల మాంసపు జాతి అని ముందే చెప్పండి. పేగుల పొర, శ్వాసనాళం నల్లగా ఉండటం కుళ్లిందనో రక్తం గడ్డకట్టిందనో పొరబడేలా చేస్తుంది. వీలైతే అదే మందలో మాంసానికి కోసిన ఆరోగ్యమైన కోడి అవయవాలను పక్కన పెట్టి పోల్చాలి.

ఇంకో మాట. నల్లకోడి ఎండకు తట్టుకుంటుందని నీడ లేకుండా వదిలేస్తారు. నల్ల ఈకలు వేడిని ఎక్కువగా పీల్చుకుంటాయి. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి నిలబడితే అప్పటికే ఆలస్యమైనట్టు. నీడ, చల్లటి నీళ్లు మిగతా కోళ్లకంటే ముందే చూడాలి.

మాంసం మీద ప్రచారం

నల్లకోడి మాంసంలో కొలెస్ట్రాల్ ఉండదనే మాట నిజం కాదు. జంతు కణం ప్రతిదాని గోడలోనూ కొలెస్ట్రాల్ ఉంటుంది, అది లేని మాంసం లేదు. కొవ్వు తక్కువన్నది చాలావరకు నిజమే, కానీ దానికి కారణం నలుపు కాదు. నెమ్మదిగా పెరిగి, తిరిగి మేసిన కోడి ఏ రంగుదైనా కొవ్వు తక్కువగానే ఉంటుంది. అదే నల్లకోడిని గదిలో కట్టేసి శక్తి దాణా పెడితే కొవ్వు పడుతుంది. సిల్కీ కండలో కార్నోసిన్ అనే పదార్థం మామూలు కోళ్లకంటే ఎక్కువగా ఉందని పరిశోధనల్లో తేలింది. చైనాలో బాలింతలకు సిల్కీ పులుసు పెట్టే అలవాటు తరతరాలది. వాటి నుంచి మధుమేహం తగ్గుతుంది, గుండె జబ్బు నయమవుతుంది అనేదాకా వెళ్లడానికి ఆధారం లేదు. మందులు మానేసి ఈ కూర తినమని చెప్పేవాళ్ల మాట వినొద్దు, ప్రాణాలతో చెలగాటం.

వండేటప్పుడు నలుపు పోదు. మెలనిన్ నీళ్లలో కరగదు. పులుసు కాస్త బూడిద రంగుకు తిరగొచ్చు. వేడినీళ్లలో వేసిన వెంటనే నీళ్లు సిరాలా మారితే మాత్రం తినొద్దు, అది పూసిన రంగు. ఎనిమిది నెలలు దాటిన కోడిని సన్న మంట మీద గంటన్నర పైగా ఉడికిస్తే గానీ పోగులు విడవవు. పెద్ద మంట మీద తొందరపెడితే కొవ్వు లేని కండ తాడులా బిగుసుకుంటుంది. ఉడికిందా లేదా అన్నది మామూలు మాంసంలో గులాబీ రంగు పోవడంతో తెలుస్తుంది, ఇక్కడ ఆ గుర్తు లేదు. థర్మామీటర్ సూదిని తొడలో బాగా మందంగా ఉన్న చోట, ఎముకకు తగలకుండా గుచ్చండి, 74 డిగ్రీలు చూపించాలి. థర్మామీటర్ లేకపోతే తొడ, కాలు కలిసే కీలు దగ్గర కోసి తెల్లటి చెంచాలో రసం పట్టి చూడండి. ఎర్రదనం ఏమాత్రం ఉన్నా మళ్లీ పొయ్యి మీద పెట్టాల్సిందే.